తీగ లేని చోట

ముప్పై ఒక్క ఏళ్లు
ఓడల కడుపుల్లో తీగలు లాగినవాణ్ణి.
గ్దాన్‌స్క్ రేవులో పాతవాళ్లనెవరినైనా అడగండి:
ఏ తీగ ఏ గోడ దాటి ఎక్కడ తేలుతుందో
చీకట్లో, వేళ్ల కొసలతో చెప్పేవాణ్ణి.

నాకొచ్చి చెబుతాడు
పై అంతస్తు గ్నెవ్కో, పదహారేళ్ల వెధవ:
"తాతా, ఇక్కడొక కేబుల్ ఉందనుకో."

అనుకోవడమేమిట్రా!
ఉంటే ఉంది, లేకుంటే లేదు.
అనుకున్న తీగతో
ఏ ఓడలో దీపం వెలిగింది?

తప్పంతా ఆ కీబోర్డుది.
ఆగస్టు సంతలో ఒక గొడుగుతో కలిపి
చవగ్గా వస్తోందని మోసుకొచ్చాను.
నలభై తొమ్మిది మెట్లు, ఒకటి విరిగింది.
ఎంత నొక్కినా కిక్కురుమనదు.
నేతి బీరకాయలో నెయ్యెంతో
దీన్లో సంగీతమంత.

"ఇది పాడదు తాతా, చెబుతుంది.
ఏ మెట్టు, ఎంత గట్టిగా, ఎప్పుడు వదిలావు. అంతే."

కంప్యూటర్ దాకా నిజం తీగే ఉంది, అది నాకర్థమైంది.
లోపలే తిరకాసు.
ఒక ప్రోగ్రాం నా వేళ్లను రాసుకుంటుంది,
ఇంకొకటి ఆర్గన్‌లా పాడుతుంది.
ఒకే గోడకి అటూ ఇటూ కాపురం,
ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు.

గ్నెవ్కో ఒక చిన్న కిటికీ తెరిచి
కూడిక గుర్తు నొక్కాడు.
ఒక పోర్టు పుట్టింది. పేరు పెట్టమన్నాడు.
ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను: వాలెంటి.

వాలెంటి గొట్టానికి అటు చివర లాగేవాడు,
నేను ఇటునుంచి తోసేవాణ్ణి.
మధ్యలో ఇరవై మీటర్ల ఇనుము.
అరిస్తే వినబడదు, అందుకని కొట్టేవాళ్లం.
ఒకటి: లాగు.
రెండు: ఆగు.
మూడు: సిగరెట్టు.
ఆ దెబ్బల్లో కరెంటు లేదు, వెలుగూ లేదు.
ఓడంతా వాటి మీదే వెలిగింది.

"ఓహో" అన్నాను పైకే.
కుర్రాడు నాకేసి వింతగా చూశాడు.

ఆ ప్రోగ్రాంలో, వెళ్లే దారి: వాలెంటి.
ఈ ప్రోగ్రాంలో, వచ్చే దారి: వాలెంటి.
మెట్టు నొక్కాను.
వంటగదిలో చర్చి లేచి నిలబడింది.

వేలు తియ్యబుద్ధి కాలేదు. నొక్కే ఉంచాను.
ఎడమ చెయ్యి మౌస్ మీద పడి
ఏదో గీత తెగింది.
ఇప్పుడు వేలు తీశాను. ఆర్గన్ ఆపదే!
"వదిలాను" అన్న కబురుకి దారి లేదు.
పాడేవాడు ఇంకా
నా వేలు అక్కడే ఉందనుకుంటున్నాడు.

ఆ ఊళ నాకు తెలుసు.
ఒక ఫిబ్రవరి షిఫ్టులో రెండు కొట్టాను.
వాలెంటికి ఒకటే వినిపించింది. లాగాడు.
నా ఉంగరం వేలి కొస
ఆ ఓడతోనే సముద్రమెక్కింది.

గ్నెవ్కో ఎర్ర గుర్తు నొక్కాడు. నిశ్శబ్దం.
"పానిక్ బటన్ తాతా."
మాకుండేది కాదురా, అన్నాను.

తెగింది మళ్లీ కలిపాం.
వాయించినదంతా తెర మీద
నిలువు గీతలై నిలబడింది.
గట్టిగా నొక్కితే పొడుగు, మెల్లగా నొక్కితే పొట్టి.
ఉంగరం వేలు పడ్డ చోటల్లా గీత కురచే.
"అన్నీ సమం చేసెయ్యనా?"
ముట్టుకుంటే చెయ్యి విరుస్తాను.

వాడు వెళ్లిపోయాక
చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని
పదకొండు దాకా వాయించాను.
తర్వాత ఏం తోచిందో,
రేడియేటర్ గొట్టం మీద చెంచాతో
మూడు కొట్టాను.
మూడుకి అర్థం వాడికి నేను చెప్పనే లేదు.

కాసేపటికి పైనుంచి, ఇనుములోంచి,
మూడు.